ఎర్రనీళ్ళ బొమ్మ

అచ్చిబాబు కుడిచేతి వేళ్ళు అయిదూ విరిగాయి. ఎడమచేతి మీద చిన్న గీత కూడా లేదు. తల పగలడం ఆఖర్న జరిగింది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఈ మూడు ముక్కలూ చెప్పి, తన పేరు బయటికి రానివ్వొద్దని ఫోను పెట్టేశాడు.

చంపడానికే వచ్చినవాడు వేళ్ళ దగ్గర మొదలుపెట్టడు. నోరు విప్పించడానికి వచ్చినవాడే ఆ పని చేస్తాడు. అందులోనూ బొమ్మలు వేసేవాడి కుడిచేతిని ఎంచుకున్నాడంటే, ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పో తెలిసినవాడన్నమాట.

“ఇక్కడే పడున్నాడండి,” అంది తబిత, గుమ్మం దాటకుండానే వేలు చూపిస్తూ.

కొవ్వూరుకి దిగువన పాటిరేవులో, ఏటిగట్టు పక్కనున్న పాత ధాన్యం కొట్టు అది. అచ్చిబాబు అందులోనే ఉండేవాడు, అందులోనే బొమ్మలు వేసేవాడు, నిన్న పొద్దున్న అందులోనే చచ్చాడు. కొట్టు వెనక గోడని ఆనుకునే తబిత ఇడ్లీ బండి. ముసలాయన్ని చంపింది ఆమె మొగుడు రమేష్ బాబేనని సి.ఐ. గణేష్‌బాబు నిన్ననే పట్టుకుపోయాడు. రేపు కోర్టులో పెడతారు. ఈలోగా ఒప్పుకోలు మీద సంతకం పెట్టించడానికి లాకప్పులో ఏం చేస్తారో తబితకి తెలుసు, నాకూ తెలుసు. అందుకే పొద్దున్నే రాజమండ్రి వచ్చి నా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.

నా పేరు సత్యశ్రీ. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను గానీ, నా దగ్గరికి వచ్చేవన్నీ పెళ్ళికొడుకు తాగుతాడా, పేకాడతాడా అనే వాకబులే. హత్య కేసులో నేను వేలు పెడితే గణేష్‌బాబుకి ఒళ్ళు మండుతుంది. అతని ఒళ్ళు మండితే నాకు కాస్త చల్లగానే ఉంటుంది.

హత్య జరిగిన చోటుకి సీలు కూడా వెయ్యలేదు మహానుభావుడు. రంగురాళ్ళు నూరుకునే పొత్రంతో కొట్టి చంపారు కాబట్టి దాన్ని మాత్రం పట్టుకెళ్ళి, పనైపోయిందనుకున్నాడు.

నేలనిండా బొమ్మలు విసిరేసి ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి చూశాను. బొమ్మల కింద నేల మీద నెత్తురు ఎండిపోయి ఉంది. బొమ్మల పైన ఒక్క చుక్క లేదు. అంటే నెత్తురు ముందు పడింది, బొమ్మలు తర్వాత పడ్డాయి. ముసలాయన్ని చంపాకే కొట్టంతా వెతికాడు. ముసలాయన నోరు విప్పి ఉంటే వెతుక్కోవాల్సిన ఖర్మ వాడికి లేదు.

“ఏవైనా బొమ్మలు పోయాయా తబితా?”

“లేదండి. అన్నీ నేనే సర్దుతాను కదండి. ఇక్కడుండాల్సినవన్నీ ఇక్కడే ఉన్నాయండి.”

బొమ్మల గురించి నాకేమీ తెలీదు. అయినా ఇంత ప్రాణమున్న బొమ్మలు నేలపాలై ఉండటం చూస్తే కోపం వచ్చింది. లారీ కింద నిద్రపోతున్న క్లీనరు, బోరింగు దగ్గర బిందెల వరస, ఇటుకలు మోసే ఆడవాళ్ళ మెడలు, పంక్చరు షాపు ముందు నీళ్ళ తొట్టిలో బుడగలు. అన్నిటికంటే ఎక్కువగా తబిత. ఇడ్లీ రేకులు విప్పుతున్న తబిత, పచ్చడి వడ్డిస్తున్న తబిత, గిరాకీ లేక నోరంతా తెరిచి ఆవలిస్తున్న తబిత.

“ఆవలింత కూడా వేశాడండి. ఎందుకు తాతా అంటే, అది మాత్రం నువ్వు కాదేంటే అన్నాడు,” అంది తబిత. నవ్వబోయి, నేల మీద మరక కనిపించి ఆగిపోయింది.

బతికినన్నాళ్ళూ లారీల వెనక అక్షరాలు రాసి, మిగిలిన రంగుతో ఇవి వేసుకున్నాడు అచ్చిబాబు. దేవుణ్ణో కొబ్బరితోటనో వేస్తే కొనేవాళ్ళే. ఇడ్లీ బండిని హాల్లో గోడకి ఎవరు తగిలించుకుంటారు? కిందటి వారం ఇటుకబట్టీల బంగార్రాజు గారు తన కల్యాణ మండపం మేడమీద చోటిస్తే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రదర్శన పెట్టాడు. వచ్చినవాళ్ళు ఏసీ కింద చెమట ఆరేదాకా నిలబడి వెళ్ళిపోయారట. ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. అలాంటి బొమ్మల కోసం మనిషిని చంపేంత అవసరం ఎవడికొచ్చిందన్నది నాకు అంతుపట్టలేదు.

“మీ ఆయనకీ ఈయనకీ గొడవేంటి?”

“నా బొమ్మలేస్తున్నాడనండి. నలుగురూ నవ్వుతున్నారని ఓసారి తాగొచ్చి చంపేస్తానన్నాడు. ఊరంతా వింది. తాగినోడి మాటండి అది. తెల్లారాక తనే ఇడ్లీ పట్టుకెళ్ళి ముసలాయనకి పెట్టాడు. అది మాత్రం ఎవరూ చూళ్ళేదు.”

“నిన్న పొద్దున్న ఏం విన్నావో మళ్ళీ చెప్పు. ఒక్క మాట కలపకు.”

తబిత గుమ్మం పట్టుకుంది. “పొయ్యి హోరులో సరిగా వినబళ్ళేదండి. ‘ఎక్కడ పెట్టారండీ? మర్యాదగా చెప్పేయండి’ అని ఓ మగ గొంతు. మధ్యలో దబ్బుదబ్బుమని చప్పుడు. ఫోన్లో సినిమా చూస్తున్నాడనుకున్నానండి. గోడకవతల మనిషి చచ్చిపోతుంటే నేను చట్నీలోకి పోపు పెట్టుకుంటున్నానండి.”

“ఆ గొంతు ముసలాయనది కాదా?”

“ఆయన ఎవర్నీ అండి అనడండి. ఒరే, ఒసే, అంతే. ఎంత పెద్దోళ్ళనైనా నువ్వనే అంటాడు.”

“మీ ఆయనో?”

“మా ఆయన ముసలాయన్ని అండి అంటాడా! ఒరే ముసలోడా అంటాడు.”

బయట బండి దగ్గర రమేష్ బాబు తల్లి మరిడమ్మ బజ్జీలు వేస్తోంది. కొడుకు లాకప్పులో ఉన్నాడని కలిపిన పిండి పారబొయ్యరు కదా. నేను స్కూటరు తీస్తుంటే, “నా కొడుకుని ఎలాగైనా తీసుకురా అమ్మా,” అని చిల్లుల గరిటె పట్టుకున్న చేత్తోనే దణ్ణం పెట్టింది.

*

స్టేషన్ మెట్లెక్కుతుంటేనే లాఠీ చప్పుడు వినిపించింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య మనిషి గొంతు అదోరకంగా మూలుగుతోంది. తబిత నా జబ్బని గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆమె ఫోను నిన్ననే సాక్ష్యం పేరుతో లాక్కున్నారు. ఇవాళ ఆమెను లోపలికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు, నేను గుమాస్తా బల్ల దగ్గర గొంతు పెంచకపోతే.

గణేష్‌బాబు చొక్కా చేతులు మడుచుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. అనంతపురం వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు.

“పెళ్ళిళ్ళ సీజను అయిపోయిందా సత్యశ్రీ గారూ? హంతకుల మీద పడ్డారు?”

“మీరు హంతకుణ్ణి పట్టుకుంటే నేను పెళ్ళిళ్ళే చూసుకునేదాన్ని. రమేష్ బాబుని ఆస్పత్రికి పంపండి. కొట్టింది చాలు.”

“ఊరందరి ముందూ చంపుతానన్నాడు. చంపాడు. వాడి పెళ్ళామే గొంతు విన్నానంది.”

“ఆమె విన్నది ‘ఎక్కడ పెట్టారండీ, చెప్పేయండి’ అని. రమేష్ బాబు జన్మలో ముసలాయన్ని అండి అనలేదు.”

“అన్నది ముసలాయన. వీడు బొమ్మలు దొంగిలించి దాచుంటాడు. ఎక్కడ పెట్టారండీ అని ఆయన బతిమాలుకున్నాడు. వీడు కొట్టాడు.”

“ముసలాయన కూడా ఎవర్నీ అండి అనడు. అన్నది కొట్టినవాడు.”

గణేష్‌బాబు నవ్వాడు. పక్కనున్న కానిస్టేబులు కూడా నవ్వాడు, సి.ఐ. గారు నవ్వారు కాబట్టి.

“ఏమ్మా, మనిషి వేళ్ళు విరగ్గొడుతూ ఎవడైనా అండి అంటాడా? చెప్పేయండి, చచ్చిపోండి అని మర్యాద చేస్తాడా?”

“మీరు ఈ జిల్లాకి కొత్త. ఇక్కడ కుక్క అడ్డమొస్తే ‘లెగండి’ అని రాయి విసిరేవాళ్ళున్నారు. నోటికి అలవాటు. కోపమొచ్చినా చెయ్యి మారుతుంది గానీ మాట మారదు.”

“ఈ కబుర్లు కోర్టులో చెప్పుకోండి.” అతను వెనక్కి తిరిగి అరిచాడు. “వాణ్ణి తీసుకురండి, సంతకం పెడతాడు!”

రమేష్ బాబుని ఇద్దరు ఈడ్చుకొచ్చి గోడకి చేరేశారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. తబిత వెళ్ళి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. పేరు పెట్టి పిలుస్తున్నా అతను పలకలేదు.

సరిగ్గా అప్పుడే బంగార్రాజు గారు లోపలికొచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. గణేష్‌బాబు లేచి కుర్చీ చూపించాడు. ఆయన కూర్చోలేదు. నేరుగా రమేష్ బాబు దగ్గరికి వెళ్ళారు.

“వెధవన్నర వెధవండి మీరు,” అన్నారు, గొంతు కూడా పెంచకుండా. “ముసలాయన్ని చంపడానికి చేతులెలా వచ్చాయండీ?”

ఆ మాటతోనే చెప్పుకాలితో కడుపులో తన్నారు. రమేష్ బాబు నోట్లోంచి ఏదో నల్లగా వచ్చింది. “సిగ్గుండాలండి మనిషన్నాక,” అని మళ్ళీ తన్నారు. తబిత అడ్డం పడకపోతే మూడోది కూడా తగిలేది.

నేను గణేష్‌బాబు వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. పెదాల మీద నవ్వు మాత్రం లేదు.

బంగార్రాజు గారు జేబు రుమాలుతో ముఖం తుడుచుకుని, చిటికెలో మెత్తబడిపోయారు. “ఏడవకండమ్మా. మీ ఆయన తప్పు చేశాడు, ఏం చేస్తాం. లాయర్ని నేను పెడతాను, శిక్ష తగ్గేలా చూస్తాను. ఆ బొమ్మలన్నీ నేనే తీసుకుని మండపంలో పెట్టిస్తానండి, ఆయన జ్ఞాపకంగా. ఒక్కటి మాత్రం కొట్లో లేదు. మీ బండి, వెనకాల గోదావరి ఎర్రనీళ్ళు. ప్రదర్శనలో చూశాను. అదెక్కడుందో మీకేమైనా తెలుసాండి?”

నేను నోరు తెరిచేలోగానే తబిత చెప్పేసింది. అంత పెద్దమనిషి లాయర్ని పెడతానంటుంటే ఆమె ఎందుకాగుతుంది?

“నా బండికే ఉందండి. గాలికి పొయ్యి ఆరిపోతోంది, ఏదైనా చెక్క ఇయ్యి తాతా అంటే, దాని మీదే బొమ్మేసి ఇచ్చాడండి. ప్రదర్శనకని రెండ్రోజులు అడిగి తీసుకుని, మళ్ళీ తనే తెచ్చి, బొమ్మ పొయ్యి వైపుకుండేలా బిగించాడు.”

“అలాగా అండి,” అన్నారు బంగార్రాజు గారు. “వస్తానండి సి.ఐ. గారూ.”

ఆయన కారు కదిలిన చప్పుడు వినిపించింది. అచ్చిబాబు అయిదు వేళ్ళూ విరగ్గొట్టించుకుని దాచిన మాట అది. ఆ బొమ్మ గోడకవతలే ఉందని చెబితే వాడు నేరుగా తబిత మీదికి వెళతాడు. అందుకని ముసలాయన నోరు కట్టుకుని చచ్చిపోయాడు.

“విన్నారా?” అన్నాను.

“అండి అన్నవాళ్ళందర్నీ లోపలేస్తే సగం జిల్లాని వెయ్యాలి,” అన్నాడు గణేష్‌బాబు. మునుపటి జోరు లేదు.

“ఆ బొమ్మ కొట్లో లేదని ఆయనకెలా తెలుసు? అక్కడున్న బొమ్మలు తిరగేసి చూసింది మీరు కాదు. ఇవాళ నేను చూశాను, నిన్న హంతకుడు చూశాడు.”

నేను తబిత పక్కన కూర్చున్నాను. “ఆ బొమ్మలో ఇంకేముంది తబితా?”

“నా బండండి. వెనకాల ఎర్రగా గోదారి, ఈ ఏడు వరదకి వేసిందేనండి. పక్కన కారాపుకుని ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. ఇదిగో, ఈయనేనండి!”

ఆమె వేలు గోడకి అంటించిన కాగితం వైపు ఉంది. పైన ‘కనబడుటలేదు’ అని పెద్దక్షరాలు. రాజమౌళి. బంగార్రాజు గారి బావమరిది, బట్టీల్లో సగం వాటాదారు. మే నెల మొదట్లో బావగారే స్వయంగా రైలెక్కించారనీ, ఆ తర్వాత ఈ ప్రాంతంలో ఎవరికీ కనబడలేదనీ రాసి ఉంది.

“మే నెలలో గోదావరి ఎలా ఉంటుందో తెలుసా మీకు?” అన్నాను గణేష్‌బాబుతో. “ఇసుక తిన్నెలూ, మధ్యలో తేటనీళ్ళూ. ఎర్రనీళ్ళు వచ్చేది జులైలో, పైన వానలు పడ్డాక. అచ్చిబాబు కళ్ళముందున్నది తప్ప ఇంకేదీ వెయ్యడు. మేలో మాయమైనవాడు ఎర్రనీళ్ళ ముందు కూర్చుని ఇడ్లీ ఎలా తిన్నాడండీ? రైలెక్కించానన్న బావగారి మాట అబద్ధం, రాజమౌళిని మాయం చేసింది ఆయనే.”

గణేష్‌బాబు కాగితం వైపు చూశాడు. తర్వాత నేల మీద పడున్న రమేష్ బాబు వైపు చూశాడు. “జీపు తియ్యండ్రా!” అని అరిచాడు. జీపు తాళాలు దొరికేదాకా నేను ఆగలేదు. తబితని వెనక ఎక్కించుకుని స్కూటరు గట్టు మీదికి తిప్పాను.

*

దూరం నుంచే మరిడమ్మ కనిపించింది. బండి చక్రం పక్కన బోర్లా పడి ఉంది. జుట్టు నెత్తుటితో తడిసి మెడకి అంటుకుపోయింది. బాండీ తిరగబడి నూనె మట్టిలో ఇంకా చిటపటమంటోంది. తినడానికి వచ్చినవాళ్ళు దూరంగా రోడ్డు మీద గుంపు కట్టి చూస్తున్నారు. ఒక్కడూ దగ్గరికి రాలేదు.

బంగార్రాజు ఇనపరాడ్డుతో చెక్కని పెళ్ళగిస్తున్నాడు. ఇంకా ‘గారు’ అనడం నా వల్ల కాదు. మూడు మేకులు ఊడాయి. నాలుగోది పట్టుకుని ఉంది. నేను ఫోను తీసి బొమ్మ వైపు పెట్టాను.

“అడ్డు లెగండి సత్యశ్రీ గారూ,” అన్నాడు. రాడ్డు నా మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఫోను ఎగిరి కాగే సాంబారులో పడింది. రెండో దెబ్బ భుజం మీద పడి మోకాళ్ళ మీద కూలిపోయాను. “చెప్తే వినరేంటండీ ఎవరూ,” అంటూ మూడోసారి ఎత్తాడు. ఈసారి తలకే.

ఆ దెబ్బ పడలేదు. తబిత ఇడ్లీ పాత్ర మూత తీసి, అడుగున మరుగుతున్న నీళ్ళు పాత్రతో సహా వాడి ముఖం మీదికి విసిరింది. అండీ లేదు, గారూ లేదు, అమ్మా అన్న ఒక్క కేక వేసి వెనక్కి పడ్డాడు. ఆమె రాడ్డు తీసుకుని వాడి మోకాలి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నేను ఆపలేదు. ఆపడానికి నాకు ఒక చెయ్యే ఉంది, దానికి కూడా ఆపాలనిపించలేదు.

జీపు వచ్చేసరికి బంగార్రాజు మట్టిలో పొర్లుతున్నాడు. కానిస్టేబుళ్ళు వాడికి బేడీలు వేసి జీపులో పడేశారు. మరిడమ్మకి ఊపిరి ఆడుతోంది. ఆమెని కూడా అదే జీపులో పడుకోబెట్టి ఆస్పత్రికి పంపించాడు గణేష్‌బాబు. గుంపుని లాఠీ ఊపి తరిమేశాడు. బండి దగ్గర మేం ముగ్గురమే మిగిలాం.

తబిత నాలుగో మేకు తనే పీకి చెక్కని గుండెలకి ఆనించుకుంది. కింద అంచు మసిబారింది గానీ బొమ్మ చెక్కుచెదరలేదు. వెనక ఎర్రటి వరద. ముందు తబిత. పక్కన కారు తలుపు తెరుచుకుని, ఒళ్ళో ప్లేటు పెట్టుకుని ఇడ్లీ తుంచుతున్న రాజమౌళి. చట్నీ అంటిన పెదవి కూడా వదల్లేదు ముసలాయన. కాగితం మీది ఫోటోకంటే ఈ బొమ్మలోనే అతను ఎక్కువ బతికున్నాడు.

“ఒప్పుకుంటున్నాను,” అన్నాడు గణేష్‌బాబు. “మీరన్నదే నిజం.”

“మొదట రమేష్ బాబుని ఆస్పత్రికి పంపమని ఫోను చెయ్యండి. నన్ను పొగడ్డం తర్వాత.”

అతను ఫోను తియ్యబోతుంటే అదే మోగింది. నేను పక్కనే ఉన్నాను, తబిత అవతల పొయ్యి హోరులో ఉంది. అవతల గొంతు వణుకుతూ అరుస్తోంది. “సార్, రమేష్ బాబు నెత్తురు కక్కుకున్నాడు సార్. లేపుతుంటే లెగట్లేదు సార్. పోయాడు సార్.”

గణేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని బుర్రలో ఏం తిరుగుతోందో నాకు బొమ్మ చూసినంత తేటగా కనిపించింది. ఈ చెక్క ఉంటే, అతను లాకప్పులో ఒక అమాయకుణ్ణి కొట్టి చంపాడు. ఈ చెక్క లేకపోతే, చచ్చినవాడు హంతకుడు. హంతకుడి కోసం ఎవరూ ఏడవరు. ఎవరూ అడగరు.

“ఆ బొమ్మ ఇలా ఇవ్వమ్మా,” అన్నాడు తబితతో. “సాక్ష్యం. స్టేషన్లో పెట్టాలి.”

“మా ఆయన్ని వదలండి సార్, ఇచ్చేస్తాను,” అంది తబిత.

గణేష్‌బాబు చూపు బొమ్మ మీద లేదు. పొయ్యి మీద ఉంది. అది ఇంకా హోరున మండుతూనే ఉంది. అతని చెయ్యి మెల్లగా నడుం దగ్గరికి వెళ్ళి పిస్తోలు ఒర బొత్తాం విప్పింది.

నేను విరిగిన చేతిని ఒళ్ళోకి అదుముకుని లేచి, ఇద్దరికీ మధ్యన నిలబడ్డాను.

“తబితా, బొమ్మ తీసుకుని గట్టు మీదికి పరిగెత్తు. జనం ఉన్న చోటికి వెళ్ళు. ఆగకు.”

“ఎందుకండీ?” అంది తబిత, చెక్కని ఇంకా గట్టిగా పట్టుకుని. “మా ఆయన్ని వదిలేస్తున్నారు కదండీ?”